కన్సెప్టా తెచ్చుకున్న అల్లుడు

ఊళ్ళో ఉన్న తెలివిలో సగం తనదేనని కన్సెప్టాకి చిన్నప్పట్నించీ నమ్మకం. మిగతా సగం ఊరంతా పంచుకోవాలి, వాళ్ళ ఖర్మ. ఈ నమ్మకానికి పెద్దగా సాక్ష్యాలేం లేవు. ఒకసారి మొసలి ఉందని అందరూ చెప్పిన వాగులో "ఏం లేదు, నాకు తెలుసు" అని దిగి, గౌను సగం మొసలికిచ్చి వచ్చింది. అయినా నమ్మకం మాత్రం చెక్కుచెదరలేదు.

నది సముద్రంలో కలిసే చోట ఉన్న ఆ ఆదివాసీ ఊళ్ళో పాత మిషన్ చర్చీ, దాన్ని ఆనుకుని మేరీమాత స్కూలు. ఆ స్కూల్లో పొద్దున పూట పిల్లలకి సొంత భాషలో పాఠం చెప్పేది కన్సెప్టా. మధ్యాహ్నం ఇంగ్లీషు, పొద్దున మన మాట. ఏళ్ళ తరబడి అదే పద్ధతి. ఈ ఏడు దానికి గండం వచ్చిపడింది. ఆగస్టులో మరియమ్మ పండగ రోజే స్కూల్లో పెద్దల పండగ కూడా చేస్తారు కదా, ఆ రోజుకి సిటీ నుంచి స్కూళ్ళన్నీ చూసే ఫాదర్ బ్రెండన్ వస్తున్నాడు. పిల్లలు తమ మాటలో నోరు విప్పి మాట్లాడితే పొద్దుటి క్లాసు ఉంటుంది. విప్పకపోతే వచ్చే ఏడు నుంచి పొద్దున్నించి సాయంత్రం దాకా ఇంగ్లీషే. ఆ మాట ఆయన చాలా మర్యాదగా చెప్పాడు, ఫోన్లో, మధ్యలో రెండుసార్లు "గాడ్ బ్లెస్" కూడా అన్నాడు.

పిల్లల గురించి కన్సెప్టాకి బెంగ లేదు. వాళ్ళు నోరు విప్పితే మూయించడమే కష్టం. బెంగంతా లాక్లన్ గురించి.

లాక్లన్ మెల్‌బోర్న్ నుంచి వచ్చిన కుర్ర టీచరు. కన్సెప్టా క్లాసులోనే, కన్సెప్టా పక్కనే ఉంటాడు. మంచివాడు. ఆ మంచితనంతోనే వచ్చింది చిక్కంతా. మంచితనం పొంగినప్పుడల్లా మాట్లాడతాడు, అది పొంగని పూటంటూ లేదు. కిందటిసారి సిటీ నుంచి ఎవరో వచ్చి గోడ మీది బొమ్మ చూపించి "ఇదేంటి పాపా?" అని మర్సెలీనాని అడిగితే, మర్సెలీనా నోరు తెరిచింది, మాట మాత్రం లాక్లన్ నోట్లోంచి వచ్చింది. ఆ బొమ్మ వేసింది కన్సెప్టా వాళ్ళ నాన్న. దాని గురించి కన్సెప్టాకే తెలీని సంగతులు లాక్లన్ కళ్ళనీళ్ళు పెట్టుకుని మరీ చెప్పాడు. వచ్చినవాళ్ళూ కళ్ళు తుడుచుకున్నారు. మర్సెలీనా తెరిచిన నోరు అలాగే ఉంచి, అందులోకి ఈగ వెళ్తే అప్పుడు మూసింది.

"ఫాదర్ ముందు కూడా వీడు ఇలాగే చేస్తే అయిపోయామే," అని కన్సెప్టా తనకి తనే చెప్పుకుంది. తనతో మాట్లాడదగ్గ మనిషి చాలాసార్లు తనే.

సరిగ్గా అప్పుడే లాక్లన్ తనంతట తనే వచ్చి వల్లో పడ్డాడు.

"కన్సెప్టాగారూ, ఇంతకీ నేనెవర్ని?"

"నువ్వా? లాక్లన్‌వి బాబూ. మర్చిపోయావా? ఎండలో తిరక్కు అంటే వినవు."

"అది కాదండీ. నేను ఎవరికి ఏమవుతాను? నాలాగే బయట్నించి వచ్చిన క్లినిక్ నర్సుకి కూడా ఊళ్ళో వరస కలిపి అక్కలున్నారు, చెల్లెళ్ళున్నారు. జీపులు బాగుచేసే ఆయనకి ఏకంగా నలుగురు మేనమామలు. నాకు ఒక్కళ్ళూ లేరు. నేనేమైనా తప్పు చేశానా?"

కుక్కపిల్లలా మొహం పెట్టాడు. కన్సెప్టా గుండె కరిగింది కూడా, కానీ కరుగుతున్న గుండె పక్కనే బుర్ర గిర్రున తిరిగింది. ఇంత గొప్ప ఆలోచన ఊళ్ళో ఇంకెవరికీ వచ్చుండదు అనుకుంది. నిజమే, ఇంకెవరికీ రాలేదు. ఎందుకు రాలేదో మాత్రం అప్పుడు ఆలోచించలేదు.

ఆ సాయంత్రం స్టోర్ వెనక నీడలో దుప్పటి పరుచుకుని పేకాడుతున్న లియోనార్డా దగ్గరికి వెళ్ళింది. లియోనార్డా కన్సెప్టాకి ఆడపడుచు, పోయిన మొగుడికి పెద్దక్క. పళ్ళు నాలుగే ఉన్నాయి గానీ ఆ నాలుగూ నవ్వడానికే.

"వదినా, ఆ కుర్ర టీచర్ని కొడుకుగా చేసుకోరాదూ?"

"ఉన్న కొడుకులు చాల్లేదా నాకు? ఫ్రిజ్ తలుపు మూత పడ్డం లేదే వాళ్ళతో."

"పాపం ఎవరూ లేరు వాడికి. జీపుంది గానీ."

లియోనార్డా చేతిలో ముక్కలు దుప్పటి మీద పెట్టింది. "ఏ జీపు? ఆ తెల్లదా? చేపలకి వెళ్ళడానికి పనికొచ్చేదా?" అని కాసేపు ఆలోచించి, అప్పుడు కన్సెప్టా మొహంలోకి అనుమానంగా చూసింది. "ఆగాగు. వాడు నాకు కొడుకైతే, నీకేమవుతాడో తెలుసుగా?"

"తెలుసు."

"ఆడపడుచు కొడుకు. అల్లుడి వరస."

"అవునుగా మరి," అంది కన్సెప్టా, పెదాలు బిగబట్టుకుని.

ఇక్కడ అత్తా అల్లుడూ ఒకరి మొహం ఒకరు చూసుకోరు. ఎదురుపడి మాట్లాడుకోరు. ఒకరి పేరు ఒకరు పలకరు. అది గొడవ కాదు, అలకా కాదు, ఊళ్ళో ఉన్న మర్యాదలన్నిట్లోకీ పెద్ద మర్యాద. కన్సెప్టా నోరున్నచోట ఇక లాక్లన్ నోరుండదు. ఫాదర్ ముందు కన్సెప్టా నిలబడితే లాక్లన్ దూరంగా, మాటా పలుకూ లేకుండా, చక్కగా. ఎవరి మనసూ నొచ్చుకోదు, పైగా వాడికో అమ్మ దొరుకుతుంది.

లియోనార్డాకి అర్థమయ్యేసరికి కాస్త టైం పట్టింది. అయ్యాక ముక్కలన్నీ ఎగిరిపోయేలా నవ్వింది. "ఓసి నీ! నోరు మూయించడానికి అల్లుణ్ణి చేసుకున్నదాన్ని ఈ నది ఒడ్డున నిన్నే చూస్తున్నానే! మా తమ్ముడు నీతో ఎలా వేగాడో!"

ఆదివారం పూజ అయ్యాక చర్చీ మెట్ల మీద లియోనార్డా లాక్లన్ చెయ్యి పట్టుకుని "వీడు నా కొడుకు" అంది. అంతే. ఆ ఒక్క మాటతో లాక్లన్‌కి ఊరు నిండా చుట్టాలైపోయారు. సగం క్లాసు బావా అంది, పావు క్లాసు మావయ్యా అంది, పాలపళ్ళు ఊడిన ఇగ్నేషియస్ అనే బుడ్డోడు వరసకి నాన్నయ్యాడు, వెంటనే "కొడకా, ఐస్‌క్రీం కొనిపెట్టు" అన్నాడు. లాక్లన్ ఏడ్చేశాడు. వెక్కి వెక్కి ఏడుస్తూ, "కన్సెప్టాగారూ, విన్నారా!" అని ఇటు తిరిగాడు.

ఆడవాళ్ళంతా ఒక్కసారిగా "ఆ! ఆ! ఆ!" అని వాడి కళ్ళకి చేతులు అడ్డం పెట్టారు.

లియోనార్డా వాడి చెవిలో సంగతి చెప్పింది. వాడి మొహం రంగు మారింది. "అంటే... ఆమెతో ఇంక... ఎప్పటికీ?" తర్వాత నెమ్మదిగా వెన్ను నిటారు చేశాడు, జెండా ముందు నిలబడ్డవాడిలా. "పాటిస్తానమ్మా. అక్షరం పొల్లు పోకుండా పాటిస్తాను."

వీపు తిప్పుకుని నిలబడ్డ కన్సెప్టా తనలో తను చప్పట్లు కొట్టుకుంది.

అసలు తిప్పలు అక్కడ మొదలయ్యాయి. ఊళ్ళో సగం మంది సగం మందికి ఏదో ఒక ఇలాంటి వరసే. అయినా పనులు ఆగవు. కొంచెం పక్కకి తిరిగి కూర్చుంటారు, మధ్యలో ఇంకోళ్ళని పెట్టి మాట చేరేస్తారు, ఊపిరి పీల్చినంత తేలిగ్గా సాగిపోతుంది. కొత్త భక్తుడికి నామాలు మెండని ఊరికే అన్నారా? సోమవారం కన్సెప్టా క్లాసు తలుపు తియ్యగానే లాక్లన్ కిటికీలోంచి దూకాడు. పిల్లలకి పాటలు వాయించే గిటారుతో సహా. మంగళవారం నుంచి నెత్తి మీద టవల్ కప్పుకుని తిరగడం మొదలెట్టాడు. కన్సెప్టా రోడ్డు మీద వస్తుంటే మడ చెట్లలోంచి వెళ్ళాడు, ఆకుపచ్చ చీమలు కుట్టి మెడంతా దద్దుర్లు. కన్సెప్టా స్టోర్‌కి వెళ్తే మాంసం పెట్టే చల్లగదిలో దూరాడు, ఆవిడ నిదానంగా టీపొడి ఎంచుకుని, అందరి యోగక్షేమాలూ కనుక్కుని వెళ్ళేసరికి మూతి నీలంగా బయటికొచ్చాడు.

క్లాసులో ఒకళ్ళుంటే ఇంకోళ్ళుండరు. పొద్దున పూట కన్సెప్టా ఒక్కతే. హాయిగా ఉండాలి కదా? కోరుకున్నది అదే కదా? అయిదు రొట్టెలూ రెండు చేపలూ కథ పండగ రోజు మన మాటలో పిల్లలే చెప్పాలి. కన్సెప్టా ఒక వాక్యం చెబితే వాళ్ళు ఒక వాక్యం గొణుగుతున్నారు. చెప్పింది చెప్పినట్టే చెబుతున్నారు గానీ, జ్వరమొచ్చినవాళ్ళు మందు మింగుతున్నట్టు చెబుతున్నారు.

"ఏంట్రా, తిండి తినలేదా?"

"తిన్నాం పెద్దమ్మా."

"మరి?"

"ఏం లేదు పెద్దమ్మా."

ఎండలే అనుకుంది. ఎండ కాకపోతే ఫుట్‌బాల్ అనుకుంది. తన వైపు మాత్రం వేలు తిరగనివ్వలేదు, వేలికి బాగా శిక్షణ ఉంది.

పైగా ఇంకో బాధ. లాక్లన్ మీద కోపమొస్తే ఇన్నాళ్ళూ లాక్లన్‌కే చెప్పుకునేది. మోకాలి నొప్పి, కొడుకులు ఫోన్ చెయ్యకపోవడం, స్టోర్లో రొట్టె గట్టిపడిపోవడం, అన్నీ. వాడు కళ్ళు పెద్దవి చేసుకుని "అయ్యో, నిజమా!" అనేవాడు. ఊళ్ళో ఇంకెవరూ నిజమా అనరు. "మళ్ళీ మొదలెట్టింది" అంటారు. ఇప్పుడు చెప్పుకోడానికి సీలింగు ఫ్యానొక్కటే మిగిలింది. "చూడు ఫ్యానూ, ఎవరైనా కాస్త గదిలో ఉంటే, అటు తిరిగి కూర్చుంటే, ఏం కొంప మునగదు," అని గట్టిగా అంది, కిటికీ బయటికి వినపడాలని. కిటికీ బయట లేడు వాడు. ఇంకా దూరంగా, ఫుట్‌బాల్ గ్రౌండు అవతల ఉన్నాడు, టవల్ కప్పుకుని.

లియోనార్డాని పంపింది. "నీ కొడుక్కి చెప్పు వదినా, మరీ అంత పారిపోనక్కర్లేదని."

లియోనార్డా మర్నాడు వచ్చింది. "చెప్పానే."

"ఏమన్నాడు?"

"'ఆమె మనసు ఎంత పెద్దదో చూశావా అమ్మా, నా కోసం పద్ధతి సడలించడానికి కూడా సిద్ధపడ్డారు' అని ఏడ్చాడు. ఇంకో టవల్ కొనుక్కున్నాడు. ఇది నల్లది, ఇంకా ఏం కనపడదట."

పండగ రానే వచ్చింది. చిన్న విమానం దిగి ఫాదర్ బ్రెండన్ వచ్చాడు, బొద్దుగా, మొహం నిండా మచ్చలు, చొక్కా నిండా చెమట. స్కూలు ముందు పెద్ద నీడపందిరి. ఆకుల పొగ వేశారు, పెద్దవాళ్ళు నది నీళ్ళు ఆయన నెత్తిన చల్లి "ఇదిగో ఫలానా ఆయన వచ్చాడు, కాస్త చూసుకోండి" అని నేలకీ నీళ్ళకీ పోయినవాళ్ళకీ చెప్పారు. పూజ అయింది. చాపల మీద ముసలమ్మలు, చుట్టూ ఊరూ, ఊరి చుట్టూ కుక్కలూ. ముందు వరసలో పిల్లలు, మొహాల మీద తెల్లసుద్ద గీతలు, ఎంత ముద్దొస్తున్నారో.

ఫాదర్ ప్లాస్టిక్ కుర్చీ ముందుకి లాక్కుని, "ఆఁ, చెప్పండమ్మా, మీ మాటలో నాకో కథ చెప్తారట కదా?" అన్నాడు.

పిల్లల తలలన్నీ ఒక్కసారిగా కిందికి వాలాయి.

కన్సెప్టా మర్సెలీనా వైపు చూసింది. మర్సెలీనా తన కాలి బొటనవేలు వైపు చూసింది. దాని పక్కవాడు ఆ బొటనవేలే చూశాడు. వరస వరసంతా మర్సెలీనా బొటనవేల్ని చూస్తోంది. సిగ్గు ఈ ఊళ్ళో కండ్లకలక లాంటిది, ఒకళ్ళకి తగిలితే చాలు. అందరి ముందూ ముందుగా నోరు తెరిచి, నేనూ ఉన్నాను చూడండి అన్నట్టు నిలబడే ధైర్యం పెద్దవాళ్ళకే ఉండదు, పిల్లలకెక్కడిది? తిట్టినా ఫరవాలేదు, అందరిలో వేలెత్తి మెచ్చుకుంటేనే ఇళ్ళలోకి పారిపోతారు.

"అప్పుడు యేసు..." అని కన్సెప్టా మెల్లిగా అందించింది.

బొటనవేలు కదిలింది. అంతే.

"జనమంతా..." అని ఇంకొంచెం గట్టిగా.

పాలపళ్ళ ఇగ్నేషియస్ చొక్కా పైకి లాగి మొహం దాచుకున్నాడు, బొజ్జ బయటపడింది. పిల్లల్ని ఇంకా ఇబ్బంది పెట్టకూడదని ఊరంతా దయగా ఆకాశం వైపు, కుక్కల వైపు చూడ్డం మొదలెట్టింది. ఫాదర్ నవ్వుతూనే ఉన్నాడు, కానీ ఆ నవ్వు బిగుసుకుంటోంది. "ఫరవాలేదమ్మా, ఫరవాలేదు, పిల్లలు కదా," అని కుర్చీలో కదిలాడు. ఆ ఫరవాలేదులో పొద్దుటి క్లాసు కొట్టుకుపోవడం కన్సెప్టాకి స్పష్టంగా వినిపించింది.

క్లాసులో ఇలా ఎప్పుడూ జరగలేదే! ఈ మధ్య గొణుగుడు గానీ అంతకు ముందు ఎప్పుడూ గోలే కదా, అసలు కథ ఎలా మొదలయ్యేది... అనుకుంటూ ఉండగా, ఆవిడ బుర్రలో, ఆ సగం ఊరి తెలివున్న బుర్రలో, కొబ్బరికాయ పడ్డట్టు ఒక సంగతి పడింది. కథ ఎప్పుడూ పిల్లలు మొదలెట్టలేదు. కన్సెప్టా కూడా మొదలెట్టలేదు. మొదలెట్టేది లాక్లన్. వాడు నోరు తెరిచి మొదటి మాటే ఖూనీ చేసేవాడు. పిల్లలకి ఒళ్ళు మండేది, అందరూ ఒకేసారి వాడి మీద పడి సరిదిద్దేవాళ్ళు. తప్పు చెప్పేవాడు ఒకడు ముందుంటే ఒప్పు చెప్పడానికి ఎవరూ సిగ్గుపడక్కర్లేదు. క్లాసులో పిల్లల నోటికి తాళంచెవి ఆ కుర్రాడి నోరు. ఆ తాళంచెవిని తీసుకెళ్ళి నదిలో విసిరేసింది ఎవరు? ఊళ్ళోకెల్లా తెలివైన మనిషి.

ఎక్కడున్నాడు వాడు? నీళ్ళ ట్యాంకు వెనక. నల్ల టవలూ, గిటారు మెడా కనపడుతున్నాయి. పిలవకూడదు. పేరెత్తకూడదు. పరిగెత్తుకెళ్ళి చెవి పట్టుకు లాక్కురాకూడదు, అదైతే మరీనూ. మధ్యలో ఒక మనిషి కావాలి. చుట్టూ చూసింది. మనిషికీ దేవుడికీ మధ్య మాటలు చేరెయ్యడమే పనిగా పెట్టుకున్నాయన కళ్ళెదురుగా ప్లాస్టిక్ కుర్చీలో కూర్చునున్నాడు.

"ఫాదర్," అంది. "మీ వెనక ఆ ట్యాంకు వెనకాల లియోనార్డా కొడుకు ఒకడున్నాడు. కాస్త రమ్మనండి."

ఫాదర్ వెనక్కి తిరిగి చూశాడు. "ఎవరూ, లాక్లనా?"

పేరు వినగానే కన్సెప్టా రెండు చెవులూ మూసుకుంది. ముసలమ్మలు "అయ్యయ్యో" అన్నారు.

"మీరే పిలవచ్చు కదమ్మా?"

"నేను పిలవకూడదు ఫాదర్. అల్లుడు."

"ఓ! మీ అమ్మాయికి పెళ్ళయిందా? నాకు చెప్పనేలేదు!"

"నాకు అమ్మాయెక్కడుంది ఫాదర్, ముగ్గురూ మగపిల్లలే."

ఫాదర్ వేళ్ళ మీద లెక్కేసుకున్నాడు. "మరి అమ్మాయి లేకుండా అల్లుడెలా..."

చాప మీంచి లియోనార్డా అరిచింది. "ఏం ఫాదర్! ముగ్గురు కలిసి ఒక్క దేవుడు ఎలాగయ్యారో మీరు చెప్పినప్పుడు మేమేమైనా అడ్డం పడ్డామా? ఊఁ అన్నాం కదా? మీరూ ఊఁ అనండి. వాణ్ణి పిలవండి!"

ఫాదర్ ఊఁ అన్నాడు. లేచి వెళ్ళి పిలిచాడు. లాక్లన్ వచ్చాడు, కానీ వెనక్కి నడుచుకుంటూ వచ్చాడు, కన్సెప్టా వైపు వీపు పెట్టి. మధ్యలో కుక్క తోక తొక్కాడు, కుక్క కూడా ఈ సంబంధం మీద తన అభిప్రాయం చెప్పింది.

"ఫాదర్, అతన్ని కథ చదవమనండి," అంది కన్సెప్టా అటు తిరిగి.

"మీ అత్తగారు కథ చదవమంటున్నారయ్యా."

"నేనా?" అన్నాడు టవల్ లోపల్నించి. "ఆవిడ వింటుండగానా? నా భాష... ఫాదర్, నా భాష ఎలా ఉంటుందో ఆవిడకి తెలుసా అని అడగండి."

"మీ భాష ఎలా ఉంటుందో మీకు... కాదు, అతని భాష ఎలా ఉంటుందో మీకు తెలుసా అని అడుగుతున్నాడు."

"తెలుసు కాబట్టే అడుగుతున్నానని చెప్పండి. నాతో కాదు, పిల్లలతో మాట్లాడమనండి. టవల్ తియ్యమనండి, ఉక్కకి చస్తాడు."

ఫాదర్ అన్నీ వరసగా చేరేశాడు. చేరేస్తూ చేరేస్తూ ఆయనకి సరదా పుట్టినట్టుంది, టవల్ తనే తీసి మడతపెట్టాడు.

లాక్లన్ పుస్తకం తెరిచాడు. గొంతు సవరించుకున్నాడు. వాళ్ళ మాటలో వాడు చేసిన తప్పులు తెలుగులో పెడితే ఇదిగో ఇలా ఉంటాయి.

"అప్పుడు యేసు, జనమంతా గుడ్డు మీద కూర్చోండి అన్నాడు."

పిల్లల వరసలో ఎవరో కిసుక్కుమన్నారు.

"అయిదు వేలమందీ గుడ్డు మీద కూర్చున్నారు. అప్పుడు యేసు అయిదు రొట్టెలూ, రెండు చెప్పులూ చేతిలోకి తీసుకుని..."

"చెప్పులా!" అంది మర్సెలీనా. బొటనవేలి మీంచి కళ్ళు లేచాయి.

"...చెప్పుల్ని దీవించి, ముక్కలు చేసి, అందరికీ పంచిపెట్టాడు. అందరూ చెప్పులు తిని తృప్తిపడ్డారు."

"చెప్పులు కాదు బావా! చేపలూ! చే...పలు!" మర్సెలీనా వరసలోంచి ఊడిపడింది. "యేసు చెప్పులెందుకు పెడతాడు, నీకేమైనా బుద్ధుందా!"

"గుడ్డు కాదు మావయ్యా, గడ్డి!" "అయిదు వేలమంది గుడ్డు మీద కూర్చుంటే ఏమవుద్దో తెలుసా!" "ఆమ్లెట్!" "కొడకా, నువ్వు స్కూలుకెళ్ళట్లేదా?" అన్నాడు పాలపళ్ళ ఇగ్నేషియస్, చొక్కా కిందకి దించి, చాలా గంభీరంగా.

ఇంక ఆపడం ఎవరి తరం? మర్సెలీనా పుస్తకం లాగేసుకుంది, దాన్ని చూడనేలేదు, చంకలో పెట్టుకుని కథ మొదట్నించీ చెప్పింది, చేతులూపుతూ, గడ్డి ఎలాంటి గడ్డో, ఆకలి ఎలాంటి ఆకలో. రెండు చేపలు బారమండీలని ఒకడు, కాదు ముళ్ళ చేపలని ఇంకొకడు. ఆ చేపలు తెచ్చిన పిల్లవాడు ఎవరి కొడుకు అన్నదాని మీద పెద్ద గొడవ. "వాడు యేసుకి ఏమవుతాడు? ఏమీ కాకుండానే చేపలు ఇచ్చేశాడా?" "పీటర్ చెల్లెలి కొడుకైతే?" "అయితే పీటర్‌కి ముందు ఇవ్వాలి కదా, మేనమామకి!" చాపల మీంచి ముసలమ్మలు కూడా దూకారు ఈ వాదంలోకి, వరసల విషయం పిల్లలకి వదిలేస్తారా మరి. అంతా మన మాటలోనే. ఫాదర్ "ఏంటి, ఏమంటున్నారు?" అని అడిగితే ఇద్దరు పిల్లలు చెరో పక్కా చేరి ఇంగ్లీషులో చెప్పడం, చెబుతూ చెబుతూ మళ్ళీ మన మాటలోకి జారిపోవడం. ఆయన నవ్వి నవ్వి కళ్ళద్దాలు తీసి ఆ నల్ల టవల్‌తోనే తుడుచుకున్నాడు.

లాక్లన్ ఈసారి మధ్యలో దూరలేదు. నిలబడి, ఎవరెంత తిడితే అంత తల ఊపుతూ, మొహం నిండా నవ్వుతో వింటున్నాడు. వాడి వీపుకి వీపు పెట్టి నిలబడ్డ కన్సెప్టా పందిరి మీది ఆకులు లెక్కపెట్టడం మొదలెట్టింది. తెలివైనవాళ్ళు ఏడవకూడదు కదా, కానీ రెండుసార్లు లెక్క తప్పింది.

టీ దగ్గర ఫాదర్ ఆవిణ్ణి పట్టుకున్నాడు. "క్లాసు ఉంటుందమ్మా. ఆఫీసులో నేను చెప్తాను. పిల్లలు ఒక భాష మాట్లాడ్డం వేరు, ఆ భాషలో పోట్లాడుకోవడం వేరు, ఇలా నేనెక్కడా చూళ్ళేదు. ఒక్క షరతు. ఆ కుర్రాడూ మీరూ పొద్దున పూట అదే గదిలో కలిసి ఉండాలి. ఒకళ్ళు తప్పు చెప్పడం, పిల్లలు దిద్దడం, ఎంత చక్కటి పద్ధతి! ఎవరిదండీ ఈ ఆలోచన?"

నాకేం తెలీదు ఫాదర్, అంతా అలా జరిగిపోయింది అని చెప్పడానికే నోరు తెరిచింది కన్సెప్టా. ఒట్టు.

"నాదే ఫాదర్," అంది.

విమానం శబ్దం ఇంకా గాల్లో ఉండగానే కన్సెప్టా వెళ్ళి లియోనార్డా చాప దగ్గర వాలింది. "వదినా, వదినా, వాణ్ణి మార్చెయ్యి. ఇంకోళ్ళకి కొడుకుగా ఇచ్చెయ్యి. నాకు తమ్ముణ్ణి చెయ్యి, తాతని చెయ్యి, ఏదైనా సరే. రోజూ ఒకే గదిలో మాట్లాడకుండా ఎలాగే! నాకు పిచ్చెక్కుతుంది!"

"మార్చెయ్యడమా? కొడుకునా?" లియోనార్డా గుండె మీద చెయ్యి వేసుకుంది, నాలుగు పళ్ళూ బయటపెట్టి. "రేపు నన్ను జీపులో చేపలకి తీసుకెళ్తున్నాడే నా బంగారం. ఇదిగో, మర్చిపోయా, ఇది నీకు. అల్లుడు అత్తకి తిండి తెచ్చివ్వాలి కదా, పద్ధతి."

అలిగిన అల్లుణ్ణి అత్తారు బతిమాలుకుని పిండివంటలు పెట్టే దేశాలు ఎక్కడో ఉన్నాయట. ఇది ఆ దేశం కాదు. ఇక్కడ అల్లుడే వేటాడి తేవాలి. ఈ అల్లుడికి వేట రాదు కాబట్టి స్టోర్లో దొరికే గడ్డకట్టించిన బంగాళదుంప చిప్సూ, రెండు ఆవకాడోలూ, ఒక పెద్ద కోడీ తెచ్చాడు, అన్నీ ఆ చల్లగదిలో పక్కపక్కనే ఉంటాయి కాబట్టి వాడికి బాగా తెలుసు. కోడి రాయిలా గడ్డకట్టి ఉంది. కన్సెప్టా దాన్ని చంకలో పెట్టుకుని ఇంటికి నడిచింది, ఒక పక్కంతా తిమ్మిరెక్కింది.

సోమవారం క్లాసు మధ్యలో పుస్తకాల బీరువా అడ్డం తిప్పారు. అటు లాక్లన్, ఇటు కన్సెప్టా, ఇద్దరినీ చూసేలా పిల్లలు. లియోనార్డా వాడికి గట్టిగా చెప్పిందట, కిటికీలోంచి దూకితే కొడుకు కాదు పొమ్మంటానని. వాడు గొంతు సవరించుకున్నాడు. పొద్దుటి ప్రార్థన మన మాటలో మొదలెట్టాడు.

"పరలోకంలో ఉన్న మా తండ్రీ, నీ నామం నమిలెదముగాక."

క్లాసు భళ్ళున పేలింది. "పూజింపబడునుగాక! నమలడమేంటి బావా!" బీరువా ఇవతల కన్సెప్టా సుద్దముక్క పళ్ళ మధ్య పెట్టి కొరికింది. నాలిక దురద పెడుతోంది, తిట్టాలని, దిద్దాలని, లేదా కనీసం "నిజమా!" అనిపించుకోవాలని. నవ్వు ఆగడం లేదు. అల్లుడికి వినపడేలా అత్త నవ్వకూడదు, గోడ వైపు తిరిగి నుదురు గోడకి ఆనించింది. భుజాలు మాత్రం మాట వినడం లేదు.

"పెద్దమ్మా," అంది మర్సెలీనా, "ఏడుస్తున్నావా, నవ్వుతున్నావా?"

"ఏదీ లేదే," అంది గోడ లోపలికి. "సున్నం సరిగ్గా వేశారా లేదా అని చూస్తున్నా. నువ్వు మీ బావకి తర్వాతి వాక్యం చెప్పు. మెల్లిగా చెప్పు. ఎక్కువ నేర్పెయ్యకు."